పుల్లల పెట్టె, ఎర్ర విమానం

పడుకున్నారా? ముందు ఒక ప్రశ్న. రెక్కలు తగిలిస్తే చాలు, ఎగిరిపోయే బొమ్మ విమానం కావాలా? పుల్లా పుల్లా అతికించి మీరే చేసుకునేది కావాలా? చేతులెత్తక్కర్లేదు, ఇది బడి కాదు. మనసులో అనుకోండి.

అనగనగా కొండపల్లి అనే ఊళ్ళో హైమ అనే పిల్ల ఉండేది. వాళ్ళ తాతయ్య నాంచారయ్య బొమ్మలు చేసేవాడు. ఏనుగు అంబారీలు, గంగిరెద్దులు, అన్నీ పొణికి కర్రతోనే. పొణికి కర్ర అంటే ఏమిటి? అరచేతిలో పెడితే ఉందో లేదో తెలీనంత తేలిక కర్ర.

హైమ ఐదో తరగతి పాసయింది. ఇచ్చిన మాట ప్రకారం విమానం కొనిపెట్టడానికి తాతయ్య బెజవాడ తీసుకెళ్ళాడు. కొట్టువాడు రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకదాన్నిండా సన్నటి పుల్లలు, ఎలా అతికించాలో చూపే ఒక పటం. రెండోదాంట్లో ఎర్రరంగు వేసిన థర్మాకోలు విమానం, దాదాపు తయారై ఉంది.

తాతయ్య ఒక పుల్ల తీసి, వాసన చూసి, వేలి మీద నిలబెట్టాడు. "ఒసేయ్, ఇది మన పొణికికి చెల్లెలే! ఇద్దరం కూర్చుంటే నెల్లాళ్ళలో లేపేస్తాం."

"నెల్లాళ్ళా! నాకు సాయంత్రానికే ఎగరాలి తాతయ్యా. ఎర్రదే కావాలి."

తాతయ్య పుల్లని మెల్లిగా పెట్టెలో పెట్టేశాడు. "సరేలేవే, నీ ముచ్చటే నా ముచ్చట."

మొదటి రోజు విమానం వీధి దాటింది. రెండో రోజు పెంకుల మీదికెక్కింది. మూడో రోజు కరెంటు స్తంభానికి కొట్టుకుని రెక్క విరిగింది.

అప్పుడు తాతయ్య, "ఏడవకే, నేను లేనూ?" అని చింతగింజల జిగురుతో రెక్క అతికించాడు. ఆ తర్వాత, తన బొమ్మలకి చేసినట్టే, తడి ఆరాలని కుంపటి సెగన పెట్టాడు. కర్రయితే గట్టిపడేది. థర్మాకోలు కదా, అప్పడంలా ముడుచుకుపోయింది.

"నీకేం తెలీదు తాతయ్యా! ముట్టుకుంటే పాడుచేస్తావు!" వీధంతా వినబడేలా అరిచింది హైమ.

తాతయ్య తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు.

మరుసటి వేసవిలో హైమ పుల్లల పెట్టె తెప్పించుకుంది. "రా తాతయ్యా, చేద్దాం" అంది.

"వద్దమ్మా, అది నాకు తెలీని పని."

ఎప్పుడూ 'ఒసేయ్' అనే తాతయ్య 'అమ్మా' అన్నాడు.

మర్నాడు మళ్ళీ అడిగింది. "నేను ముట్టుకుంటే పాడైపోతుందమ్మా" అన్నాడు, కోపం లేకుండా. మూడోసారి అడగడానికి హైమకే నోరు రాలేదు.

నెల్లాళ్ళు ఒక్కతే కూర్చుని చేసింది. విమానం ఎగిరింది, ఎర్రదానికన్నా పైకి, కొండ మీది కోట వైపు. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. అరుగు మీద తాతయ్య కూడా తలెత్తి చూశాడు. చేతులు మాత్రం చంకల్లో దాచుకున్నాడు.

ఏంటి నాన్నా, తప్పయిపోయిందని చెప్పొచ్చు కదా అంటావా? చెప్పింది. తాతయ్య నవ్వి తల నిమిరాడు. కానీ పుల్ల ముట్టుకోలేదు. ఎప్పటికీ ముట్టుకోలేదు.

ఇక కళ్ళు మూసుకోండి. పాలు చల్లారిపోతున్నాయి, తోడు పెట్టాలి.

కథేమో కంచికి, మీరేమో కునుక్కి, నేనేమో పాలగిన్నెకి.