అసిరమ్మ పాచిగంజి

సముద్రానికి ఇంకా ఉప్పు పూర్తిగా పట్టని కాలంలో, గట్టున ఒక పల్లె. ఆ పల్లెలో రాలిన ఎండుచేపలు ఏరుకుని బతికే ముసలిది అసిరమ్మ.

ఒక ఏడు గాలివాన వచ్చింది. అలాంటిలాంటి గాలివానా? తాటిచెట్లను పీకి మబ్బుల్లో నాటింది! పడవలన్నీ పోయాయి. అసిరమ్మ కొడుకు ఒళ్ళంతా పచ్చని ఆకుపాచి చుట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. శవాన్ని చుట్టిన పాచి చావు తెస్తుందని ఆ పల్లెలో ఎవరూ ముట్టరు.

వెనకే కరువొచ్చింది. ఎలకలు కూడా మూటలు కట్టుకుని ఊరొదిలాయి. కోడలు పైడి పచ్చి బాలింత. రొమ్ములో పాలు లేవు. ఏడ్చే ఓపిక లేక చంటిది మూలుగుతోంది. ఆ మూలుగు ముందు అసిరమ్మకు అలల హోరు వినపడలేదు.

ఏం పెట్టను, ఏం పెట్టను అనుకుంటూ రాళ్ళ దగ్గరికి పోయింది. రాళ్ళ నిండా ఆ పాచే. కళ్ళు మూసుకుని తిన్నది. మూడు పూటలు తిన్నది. చావలేదు సరికదా, ఒడ్డుకు కొట్టుకొచ్చి బోర్లాపడ్డ విరిగిన పడవను ఒంటిచేత్తో తిప్పింది. నవ్వకండి, తిప్పింది!

పాచి కడిగి, ఎండబెట్టి, నూరి, గుప్పెడు తవుడుతో గంజి కాచింది. ముంత లోపల పెట్టి గుమ్మంలోంచి అడిగింది.

"తిన్నావేటే పైడీ?"

"నా మొగుణ్ణి చుట్టుకున్నదాన్ని నా నోట్లో ఎడతావేటి? నానొల్లనత్తా!" పైడి ముంత విసిరికొట్టింది.

"నా కొడుకునే కదే చుట్టింది. నీళ్ళలో ఆడికి తోడున్నది అదొక్కటే."

మర్నాడు మళ్ళీ, "తిన్నావేటే పైడీ?" గంజి ఇసకపాలైంది. మూడోనాడు, "తిన్నావేటే?" పైడి గోడవైపు తిరిగి పడుకుంది.

దూరపు రాతిమీద లేత పాచి ఉంటుంది. దానికి నీచువాసన ఉండదు. అదైతే తింటుందేమోనని ముసలిది నీళ్ళలోకి దిగింది. ఏడు తాటిచెట్లంత అల లేచిందని చెబితే కథకు బాగుంటుంది. కానీ లేవలేదు. చిన్న అలే. ముసలి కాళ్ళకు అది చాలింది.

తెల్లారి ఒడ్డుకొచ్చింది, కొడుకులాగే పచ్చగా చుట్టుకుని. ఒడిలో ముడి మాత్రం వీడలేదు. ముడినిండా లేత పాచి.

"ముట్టకండి, ముసిల్దాంతోపాటే పాతేద్దాం" అన్నారు పెద్దలు.

పైడి అత్త ఒడిమీదికి వంగింది. నానిపోయిన ముడి వేళ్ళకు లొంగకపోతే పళ్ళతో విప్పింది. కాచుకుంది. తాగింది. మూడోనాటికి పాలు పడ్డాయి. కడుపు నిండిన చంటిది మూడూళ్ళకు వినపడేలా ఏడ్చింది. ఆ ఏడుపు విని పల్లెంతా రాళ్ళ దగ్గరికి నడిచింది.

ఇప్పటికీ ఆ గట్టున బాలింతకు మొదటి గంజిలో చిటికెడు ఎండుపాచి వేస్తారు. ఇంట్లో అత్త ఉన్నా, లేకున్నా, మొదటి గుక్క మింగి, ఆ తల్లి సముద్రంవైపు తిరుగుతుంది.

"తిన్నానత్తా" అంటుంది.