దేవుడి ఆకు

అనగనగా ఒక ఊళ్ళో, ఉప్పుటేరు గట్టున, ఒక పాలెం ఉండేదట... ఆగవే, ముందు ఆ కళ్ళు తుడుచుకో. దిగులుపడితే విశ్వాసం లేనట్టేనని సండేస్కూల్లో చెప్పారా? ఎవరు చెప్పారు? సరేలే, పేరు చెప్పకు. చెబితే రేపు చర్చిలోనే వాళ్ళ దుమ్ము దులిపేస్తాను. మీ నాన్న లారీ తీసుకుని వెళ్ళాడు. బయట చూస్తే వాన. ఫోనూ రాలేదు. దిగులుపడక తైతక్కలాడతావా? ఇటు తిరిగి పడుకో. ఈ నానమ్మ చెయ్యి పట్టుకుని విను.

ఆ పాలెంలో సువార్తమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పడవ మీద వేటకెళ్ళి మళ్ళీ రాలేదు. ఆవిడకి మిగిలింది ఒక్కతే కూతురు, సలోమి. నీకంటే చిన్నది. దానికి ఆయాసం. ఒళ్ళు తడిసినా, చలిగాలి తగిలినా రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి.

వాళ్ళది తాటాకిల్లు. తాటాకింటికి రెండు మూడేళ్ళకోసారి కొత్త ఆకు వేసి నేయించుకోవాలి. లేకపోతే పాత ఆకు పుచ్చిపోయి వాన నడింట్లోనే పడుతుంది. సువార్తమ్మ ఇంటి కప్పు అప్పటికే నల్లగా చివికిపోయింది. అందుకని ఆ ఎండాకాలం తాటిచెట్లెక్కే ఆయన్ని బతిమాలి ఆకు కొట్టించుకుంది. ఎండబెట్టింది. అణగదొక్కింది. ఇంటికి సరిపడా మోపులు కట్టి పెట్టుకుంది.

అప్పుడు వచ్చాడమ్మా సంఘపెద్ద జకరయ్య. పాస్టరుగారు పట్నంలో ఉండేవారు. నెలకోసారి వచ్చి ప్రభువు బల్ల రొట్టే రసమూ ఇచ్చి వెళ్ళిపోయేవారు. మిగిలిన రోజులన్నీ ఈయనగారిదే పెత్తనం. తెల్లచొక్కా, చంకలో బైబిలు, నోటి నిండా ఉపదేశం.

ఏటా వానలు వెళ్ళాక ఆ ఊళ్ళో మూడు రోజులు ప్రార్థన కూటాలు జరిగేవి. కూటాలకి చర్చి ముందు తాటాకు పందిరి వేసేవారు. ఆ పందిరికి ఇంటింటివాళ్ళూ ఆకు ఇవ్వాలి. అది వాళ్ళ ఆనవాయితీ.

"ముందు దేవుడికి, తర్వాతే మనకి సువార్తమ్మా. నువ్వు ఆయన పందిరి కప్పు, ఆయన నీ ఇల్లు కప్పుతాడు," అన్నాడు జకరయ్య.

ఆ పిచ్చితల్లి నమ్మింది. మిగతావాళ్ళు ఒక్కో మోపు ఇచ్చారు. ఈవిడ ఉన్నదంతా ఎత్తి ఇచ్చేసింది. మరి జకరయ్య ఏమిచ్చాడంటావా? ఆయనది పెంకుటిల్లు. పెంకుటింటివాడికి ఆకెక్కడిది? ఆయన ఆశీర్వాదం ఇచ్చాడు. "అమ్మా, పసిబిడ్డ ఉన్న ఇల్లు, ముందు నీ కప్పు చూసుకో" అని ఒక్క మాట అనాలా వద్దా? అనలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఆకంతా చర్చి వెనక పేర్చారు. తడిస్తే పుచ్చిపోతుందని పైన టార్పాలిన్ పట్టా కప్పారు. గాలికి లేవకుండా పట్టా చుట్టూ రాళ్ళు పెట్టారు. గుర్తుపెట్టుకో, ఆకుకి పట్టా కప్పారు.

ఆ తర్వాత తొలకరి పడింది. సువార్తమ్మ ఇల్లు ఒకచోట కారింది. ఆవిడ కింద గిన్నె పెట్టింది. పాప దగ్గడం మొదలుపెట్టింది. అప్పుడు సువార్తమ్మ జకరయ్య దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యగారండీ, ఇల్లు కారతందండి. పాపకి ఊపిరాడతల్లేదండి. నాకు దిగులుగా ఉందండి," అంది.

ఆయన వచ్చాడు. ప్రార్థన చేశాడు. ఆదాము దగ్గర మొదలుపెట్టి, నోవహు ఓడ ఎక్కి దిగి, ఎర్రసముద్రం దాటేసరికి గిన్నె నిండి పొర్లిపోయింది. ఓడలో అంతసేపు ఉన్నాడు కదా, కప్పు సంగతి గుర్తు రావద్దూ? రాలేదు. ఆమెన్ అన్నాడు. టీ తాగాడు. "దిగులుపడకమ్మా, దిగులంటే అవిశ్వాసం" అని చెప్పి గొడుగు వేసుకుని వెళ్ళిపోయాడు.

పాపం, సువార్తమ్మ దిగులుపడకూడదని చాలా కష్టపడింది. ఊడ్పుల పని, వంట పని, పాప పని చాలవన్నట్టు, దిగులుపడకుండా ఉండటం ఇంకో పనయింది ఆవిడకి.

ఆ తర్వాత ఇంకో వాన పడింది. ఈసారి మూడుచోట్ల కారింది. ఇంట్లో గిన్నెలన్నీ కిందే ఉన్నాయి, వండుకోవడానికి గిన్నె లేదు. అప్పుడు స్త్రీల సమాజం పెద్ద దీవెనమ్మ, మరి కొందరు ఆడవాళ్ళు వచ్చారు. పాటలు పాడారు. పాడి, ఇల్లంతా కలయజూసి, పిడికెడు బియ్యం కుండ దగ్గర ఆగారు.

పిడికెడు బియ్యమంటే తెలుసుగా? మనింట్లోనూ ఉంది. అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తాం. ఆదివారం అది చర్చికి పోతుంది. సువార్తమ్మ ఒక్క పూట కూడా మానలేదు.

దీవెనమ్మ కుండలోకి తొంగిచూసి పెదవి విరిచింది. "నీ పిడికిలి చిన్నదైపోయింది సువార్తా. అందుకే దేవుడి చెయ్యి కూడా చిన్నదైంది. రెండు పిడికిళ్ళు తియ్యి," అంది.

విన్నావా ఆ మాట? దేవుడి చెయ్యి మన పిడికిలిని చూసి కుంచించుకుపోతుందట! ఆయనేమన్నా కొట్టు పెట్టుకుని కూర్చున్నాడా, తూచి ఇవ్వడానికి? అయినా సువార్తమ్మ ఆ పూట నుంచి రెండు పిడికిళ్ళు తీసింది. పాపకి అన్నం పెట్టి తను గంజి తాగింది. కప్పు మాత్రం కారుతూనే ఉంది. బియ్యం వేస్తే చిల్లు పూడదు కదా తల్లీ!

ఆ తర్వాత ముసురు పట్టింది. ఇల్లంతా కారింది. తూర్పు మూల మాత్రం మంచమంత చోటు పొడిగా మిగిలింది. సువార్తమ్మ పాప మంచాన్ని ఆ మూలకి చేర్చింది. తను గడపకి ఆనుకుని కూర్చుని తెల్లవార్లూ పాప ఊపిరి వింటూ ఉండేది.

అప్పుడు జకరయ్యకి పెద్ద ఆలోచన వచ్చింది. "లోపమంతా ఇక్కడే ఉందమ్మా. నువ్వు అడుగుతున్నావు గానీ, పొందినట్టు నమ్మడం లేదు. కప్పు వచ్చేసినట్టే నమ్మి మీ ఇంట్లో స్తుతి కూడిక పెడదాం. ముందే కృతజ్ఞతలు చెప్పేద్దాం," అన్నాడు.

నవ్వకే! నిజంగానే పెట్టారు. శనివారం పొద్దున్నే సంఘమంతా ఆ చిన్న ఇంట్లోకి వచ్చింది. జకరయ్య కోసం చర్చిలోంచి కుర్చీ తెచ్చారు. పాట ఎత్తుకున్నారో లేదో, వాన అందుకుంది. వాన జోరు పెంచితే వీళ్ళు తాళం జోరు పెంచారు. ఆడవాళ్ళు బైబిళ్ళని కొంగుల్లో దాచుకున్నారు. మగవాళ్ళు తువ్వాళ్ళు నెత్తిన వేసుకున్నారు. "కొత్త కప్పు ఇచ్చినందుకు స్తోత్రం!" అన్నాడు జకరయ్య. "స్తోత్రం!" అన్నారు అందరూ తడుస్తూ.

అప్పుడు జకరయ్య బట్టతల మీద టప్పుమని ఒక చుక్క పడింది. ఆయన కుర్చీ ఇటు జరుపుకున్నాడు. అక్కడా పడింది. అటు జరుపుకున్నాడు. అక్కడా పడింది. మూడోసారి చుట్టూ చూశాడు. తూర్పు మూల కనబడింది.

"ఆ పాప మంచం కాస్త ఇటు జరపండమ్మా," అన్నాడు.

జరిపారే! ఎవరో ఇద్దరు లేచి, నిద్రపోతున్న పిల్లని మంచంతో సహా ఎత్తి, వాన కింద పెట్టారు. పొడిగా ఉన్న చోట కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నాడు. కూర్చుని మళ్ళీ స్తోత్రం అన్నాడు. ఆ మాట ఆ నోటికెలా వచ్చిందో!

పాప లేచింది. రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి. పాటలో అవి ఎవరికీ వినపడలేదు. వాళ్ళమ్మకి వినపడ్డాయి.

సువార్తమ్మ లేచి నిలబడింది. కూడికలో ఎవరైనా లేస్తే సాక్ష్యం చెబుతారని అర్థం. అందరూ పాట ఆపారు. ఆవిడ కూడా పద్ధతిగానే మొదలుపెట్టింది.

"ప్రభువుకి స్తోత్రం. సంఘానికి వందనాలు. దిగులుపడొద్దన్నారు, మానాలని చూశానండి. రెండు పిడికిళ్ళు తియ్యమన్నారు, తీశానండి. ముందే కృతజ్ఞత చెప్పమన్నారు, అదీ చెప్పానండి. నాకు విశ్వాసం ఉందండి. లేంది ఆకండి. నా ఆకు చర్చి ఎనకాల పట్టా కప్పుకుని పొడిగా ఉందండి. నా బిడ్డ ఇక్కడ తడుస్తందండి."

ఎవరూ ఆమెన్ అనలేదు. "అది దేవుడి ఆకమ్మా. ఇచ్చింది తిరిగి అడక్కూడదు," అన్నాడు జకరయ్య.

"అడగటల్లేదండి. దేవుడి ఆకు దేవుడి బిడ్డ మీద కప్పుతున్నానండి. ఆయనకి ఇష్టం లేకపోతే ఆయన్నే చెప్పమనండి," అంది సువార్తమ్మ.

అని, పాపని దుప్పట్లో చుట్టి, ఎదురుగా ఉన్న దీవెనమ్మ చేతుల్లో పెట్టి, వానలోకి వెళ్ళిపోయింది.

దీవెనమ్మ పాపని పొదివి పట్టుకుంది. ఆ చిన్న రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. ఒక్కో ఊపిరికీ పిల్ల మెడ నరాలు లాగేస్తున్నాయి. పిడికిలి చిన్నదని పెదవి విరిచిన ఆ మనిషే చప్పున లేచి, పాపని కొంగులో కప్పుకుని, పక్కనే ఉన్న తన డాబా ఇంటికి పరుగెత్తింది. పొడిబట్టలు తొడిగింది. గుండెకి కాపడం పెట్టింది. మొగుణ్ణి కేకేసి డాక్టరు దగ్గరికి తరిమింది.

చర్చి వెనక సువార్తమ్మ రాళ్ళు దొర్లించింది. పట్టా లాగింది. ఒక మోపు నెత్తికెత్తుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఒకావిడ వచ్చి నిలబడింది, తన నెత్తికీ ఒకటి ఎత్తమంటూ. ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత సంఘమంతా వచ్చింది. పాట లేదు, తాళం లేదు. మోపులు నడిచొచ్చాయి.

ముందు ఆ పట్టానే ఇంటి మీదకి లాగి కట్టారు. వాన కాస్త తెరిపిచ్చాక మగవాళ్ళు పైకెక్కి, పట్టా తీసి, పాత ఆకు పీకడం మొదలుపెట్టారు. పుచ్చిన ఆకు, మసి, ఎలుకల గూడు అన్నీ లోపల రాలాయి. ఎవరి మీద అనుకున్నావు? జకరయ్య ఇంకా ఆ మూలే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా బొగ్గు బస్తా అయింది. అప్పుడు లేచాడు.

బయటికొచ్చాడు. ఆ తర్వాత వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోమనలేదు. మనసు మారిందా అని అడక్కు, నాకు తెలియదు. అంత తొందరగా నేను వాణ్ణి క్షమించను. నిచ్చెన మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

దీవెనమ్మ సంఘం బియ్యం కుండ తెప్పించి అందరికీ అన్నం వండించింది. పొద్దు గూకేలోపు ఇల్లు నేశారు. డాక్టరు సూది వేసి వెళ్ళాడు. పాప ఊపిరి నెమ్మదించింది. ఆ రోజు కొత్త ఆకు వాసన కింద, సువార్తమ్మ గోడకి ఆనుకున్నది ఆనుకున్నట్టే నిద్రపోయింది.

మరి కూటాలా? జరిగాయి. పందిరి లేకుండానే. పట్నం నుంచి పాస్టరుగారు వచ్చి, పందిరి ఏదమ్మా అని అడిగారు. దీవెనమ్మ సువార్తమ్మ ఇల్లు చూపించింది. ఆయన ఆ ఇంటి వంక చూసి, పవిత్రమైన చోట విప్పినట్టు చెప్పులు విప్పి ఎండలోనే నిలబడి ప్రసంగం చేశారు. జనం కొంగులూ తువ్వాళ్ళూ నెత్తిన వేసుకుని విన్నారు. ఎవరూ కరిగిపోలేదు.

అప్పటి నుంచి ఆ పాలెంలో ఆనవాయితీ మారింది. ఎండాకాలం కొట్టిన ఆకు ముందు కారే ఇళ్ళకి పోతుంది. మిగిలితేనే పందిరి. కొన్నేళ్ళు అసలు మిగిలేదే కాదు.

అందుకని చెబుతున్నా విను. దిగులు పాపం కాదు. యేసయ్య అంతటివాడు శిలువకి ముందు తోటలో చెమటలు కారేలా దిగులుపడ్డాడు. ఆయనకీ విశ్వాసం లేదందామా? తోడుగా మెలకువగా ఉండమంటే స్నేహితులు గుర్రుపెట్టి నిద్రపోయారు. తప్పు వాళ్ళది. ఎవరైనా దిగులుగా ఉన్నారంటే ప్రార్థన చెయ్యాలి, చేశాక కళ్ళు తెరవాలి. తెరిచి, వాళ్ళింటి కప్పు చూడాలి.

మనం ప్రార్థన చేశాం. లారీ ఆఫీసుకి ఫోను కూడా చేశాం. ఏటి వంతెన మీద నీళ్ళొచ్చాయట, లారీలన్నీ వంతెన ఎక్కకుండానే ఆపారట. ఫోను ఇదుగో, నా తలగడ పక్కనే పెట్టాను. మోగితే నిన్ను లేపుతాను. నీకింకా దిగులుంటే ఉండనీ. ఇద్దరం పడదాం, సగం నాకివ్వు.

చూరున చుక్క జారలేదు,
పాపకి పక్క తడవలేదు.
దిగులుకి తోడు దొరికింది,
వానకి జోరు తగ్గింది.
కథేమో కంచికి నడిచింది,
మనకేమో ఇల్లే మిగిలింది.
కారని ఇల్లే, నా తల్లే,
కళ్ళు మూసుకో సిరిమల్లే.