రాయుడి తెర మీద వాలిన పక్షులు

చెంగల్రాయుడు మెడలోంచి కెమెరా తీసి గురువు ముందు పెట్టేశాడు.

"ఇది నా వల్ల కాదు ఉస్తాద్. ఇంకెవరికైనా ఇచ్చేయండి."

గురువు మస్తాన్ సాహెబ్ పులికాట్ సరస్సు ఒడ్డున ముప్పై ఏళ్ళుగా పక్షుల ఫోటోలు తీస్తున్న మనిషి. ఈ ఏడు మోకాళ్ళు మొరాయించి బురదలోకి దిగలేకపోయాడు. చలికాలంలో ఫ్లెమింగోలు వచ్చాయి, వెళ్ళిపోయాయి. ఆయన ఒక్కదాన్ని కూడా చూడలేదు. తన కెమెరా, తన పాత లెన్సు శిష్యుడి చేతికిచ్చి, "నువ్వు తెచ్చేవే ఈ ఏడు నాకు పక్షులు" అని పంపాడు.

రాయుడు నలభై రోజులు మోకాలి లోతు బురదలో నిలబడ్డాడు. రెండు వేల ఫోటోలు తీశాడు. కెమెరా వెనక ఉన్న చిన్న తెరలో అన్నీ ముచ్చటగానే ఉన్నాయి. అగ్గిపెట్టెంత తెరలో ఏదైనా బాగానే ఉంటుందిలే, పెద్దదాంట్లో చూస్తేగానీ అసలు సంగతి తెలీదని కొత్త మానిటర్ కొన్నాడు. అతని గదికి ఆ మానిటర్ కాస్త ఎక్కువే. అది పెట్టాక మంచం జరపాల్సి వచ్చింది.

అందులో ఫోటోలు తెరిచాక అతని ప్రాణం ఉసూరుమంది. ఏది చూసినా అదే తంతు. పక్షి చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి అంచు. ఈకలన్నీ కలిసిపోయి సున్నం ముద్ద. లేత గులాబీ రంగు కాస్తా ముదిరి పీచుమిఠాయి రంగైంది. లెన్సు పాతది కదా, లోపల బూజు పట్టిందేమో అనుకున్నాడు. గురువు లెన్సును ఆ మాట అనడానికి మళ్ళీ మనసొప్పలేదు. ఇక మిగిలింది తన చెయ్యే. ఆ చెయ్యే వణికిందని తనకు తానే తీర్పు చెప్పుకుని, నాలుగు రోజులు కూర్చుని పదిహేను వందల ఫోటోలు డిలీట్ చేశాడు. ఆ తర్వాతే కెమెరా తిరిగిచ్చేయడానికి వచ్చాడు.

"నాకు చూపించకుండానే తీసేశావా?" అన్నాడు సాహెబ్.

"చూసేదానికి ఏముండాది ఉస్తాద్? అంతా మసక."

"సరే పద. ఆ మసకే చూద్దాం."

కర్ర పట్టుకుని, రెండు వీధులు దాటి, మధ్యలో ఒక అరుగు మీద కూర్చుని లేచి, సాహెబ్ శిష్యుడి గదికి వచ్చాడు. రాయుడు తల వంచుకుని తెర వెలిగించాడు. మిగిలిన ఐదొందల్లోంచి ఒకటి తెరిచాడు. ఒంటి ఫ్లెమింగో, అప్పుడే నీళ్ళలోంచి తలెత్తింది.

సాహెబ్ దాని వైపు చూడనేలేదు. ఆయన చూపు తెర కింద కుడి మూలన ఆగింది.

"టైమెంతయిందో చదువు."

"మూడూ పది."

"ఆ అంకెలు ఎట్టుండాయి?"

రాయుడు వంగి చూశాడు. ఇన్నాళ్ళూ ఆ మూలకు అతని చూపు పోలేదు. "మసగ్గానే ఉండాయి. చుట్టూ తెల్ల గీత."

"వాటిని ఏ లెన్సుతో తీశావబ్బయ్యా?"

రాయుడి చూపు మానిటర్ కింది బటన్ల మీదికి పోయింది.

రెండేళ్ళ కిందటి దాకా అతను నాయుడుపేటలో ఒక టీవీల షాపులో పనిచేశాడు. అక్కడ ఏ తెర పెట్టెలోంచి బయటికొచ్చినా అంచులను పదునుగా చూపే షార్ప్‌నెస్ నూటికి నూరు, వెలుగు నూటికి నూరు, రంగులు ఎంత ఎక్కితే అంత. రోడ్డున పోయేవాడు ఆగి చూడాలి మరి. ఈ మానిటర్ విప్పిన రోజున అతని చేతులు ఆ పని వాటంతటవే చేసేశాయి. అది చాలనట్టు, అక్షరాలు పెద్దగా కనబడాలని రిజల్యూషన్ కూడా తగ్గించాడు. ఎనభై లక్షల చుక్కలున్న తెరకు పది లక్షల చుక్కల బొమ్మ ఇచ్చి సాగదీసుకోమన్నాడు.

ఇప్పుడు వంగి ఆ బటన్లు ఒక్కొక్కటే నొక్కాడు. షాపు రంగులు తీసేశాడు. వెలుగు దించాడు. షార్ప్‌నెస్‌ను కంపెనీవాళ్ళు పెట్టిన చోటికి తెచ్చాడు. చివరికి రిజల్యూషన్ పూర్తిగా పెంచాడు. తెర ఒక్క క్షణం నల్లబడింది.

తర్వాత పక్షి వచ్చింది.

సున్నం ముద్దలోంచి ఈకలు విడివడ్డాయి, ఒక్కో ఈకలో పోగులు లెక్కపెట్టొచ్చు. లేత పసుపు కన్ను, నడుమ ఆవగింజంత నలుపు. వంపు తిరిగిన ముక్కు అంచున దువ్వెన పళ్ళలాంటి సన్నని వరస, ఆ పళ్ళ సందుల్లోంచి కారుతున్న నీళ్ళు. ఆ నీళ్ళను అతను సరస్సులో నిలబడి కూడా చూడలేదు. ఇంత అందం తన చేతి మీదుగా వచ్చిందా అనిపించింది. దాన్ని తను చెత్త అన్నాడని భయమూ వేసింది.

"తీసేసినవో?" అన్నాడు సాహెబ్ మెల్లగా.

రాయుడు గుండె చిక్కబట్టుకుని తెర మీది చెత్తబుట్ట బొమ్మ నొక్కాడు. ఆ నాలుగు రోజుల్లో దాన్ని ఖాళీ చేయాలని రెండుసార్లు అనుకున్నాడు, రెండుసార్లూ మనసు రాక ఆగాడు. పదిహేను వందలూ అందులోనే ఉన్నాయి.

అన్నిటినీ వెనక్కి తెచ్చి ఒకటి తెరిచాడు. గుంపు గుంపంతా ఒక్కసారిగా లేస్తోంది, రెక్కల కింద ఎరుపు, నలుపు, కాళ్ళింకా నీటి మీద పరిగెడుతున్నాయి. ఇంకోటి తెరిచాడు. ఇంకోటి. సాహెబ్ "సుభానల్లా" అన్నాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

ఒక ఫోటోలో ఫ్లెమింగో ఒకటి ఒంటికాలి మీద నిలబడి నేరుగా ఇటే చూస్తోంది. సాహెబ్ దాని దగ్గర చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆయన కళ్ళ నిండా నీళ్ళు. రాయుడికి ఇక దుఃఖం ఆగలేదు.

"ఉస్తాద్, నేను ఎంత పని..."

సాహెబ్ పక్షి మీంచి చూపు తిప్పకుండానే శిష్యుడి భుజం మీద చెయ్యి వేసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"మాట్లాడబాకబ్బయ్యా. ఎగిరిపోతాది."