ఏగిస గిన్నె

పూర్వం మరకతపురిని ఏలే రాజుగారు ఒకరుండేవారట. ఆయనకి ముగ్గురు కొడుకులు. రాణి చాయాదేవి మహాతల్లి. గుమ్మంలోకి వచ్చినవాళ్ళని మంచినీళ్ళివ్వకుండా పంపేది కాదు.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు వచ్చి, "నీ చిన్నకొడుకుని నాకిచ్చెయ్యి" అన్నాడు.

"బిడ్డని ఎలా ఇస్తాను నాయనా? మంచినీళ్ళిస్తాను, తాగి వెళ్ళు" అందామె.

వాడికి ఒళ్ళు మండింది. "ఇకమీదట ఏ పాత్రలో నీళ్ళైనా నీ పెదవి దాకా వచ్చి ఇంకిపోతాయి. ఏడు సముద్రాల అవతల దీవిలో నా ఏగిస చెట్టుంది. నీ కొడుకెవడైనా ఆ కొయ్యని తన చేత్తో గిన్నెగా చెక్కి తెస్తే, అప్పుడు తాగుదువుగాని. కత్తి తిప్పే చేతులు ఉలి పడతాయా?" అని నవ్వుకుంటూ పోయాడు.

వెండి చెంబు ఎత్తితే నీళ్ళు లేవు. బంగారు గిన్నె ఎత్తితే లేవు. దోసిలి పట్టినా లేవు. తడిగుడ్డ పెదవులకి అద్దితే మాత్రం ఒక్క చుక్క దిగేది. ఆ చుక్కలతోనే రాణి ప్రాణం నిలుపుకుంది.

అంత దూరం ఎందుకని పెద్దకొడుకు ఊళ్ళో వడ్రంగి చేత గిన్నె చేయించాడు. నీళ్ళు ఇంకిపోయాయి. రెండోవాడు దీవికి వెళ్ళాడు గాని, పలకరింపైనా లేకుండా చెట్టు మీద గొడ్డలి వేశాడు. పిట్టలన్నీ మీదపడి పొడిస్తే పరుగెత్తుకొచ్చాడు.

చిన్నవాడు వసంతపాలుడు. "నన్నివ్వనన్నందుకే కదా అమ్మకీ దాహం. గిన్నె లేకుండా తిరిగి రాను" అని బయల్దేరాడు. ఒడ్డున వెల్లకిలా పడి కొట్టుకుంటున్న తాబేలుని తిరగేశాడు. అది వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

దీవిలో ఆకాశమంత ఏగిస చెట్టు. వసంతపాలుడు గొడ్డలి కింద పెట్టి మూడు ప్రదక్షిణాలు చేశాడు. "ఈ చెట్టు మీద కాపురముండే తల్లులారా, తండ్రులారా! మా అమ్మ దాహానికి గూడు లేని కొమ్మ ఒక్కటి కావాలి. కాసేపు పక్కకి వెళ్ళండి" అని దణ్ణం పెట్టాడు.

పిట్టలన్నీ లేచాయి. ఒక్క రామచిలుక కదల్లేదు.

"నువ్వు వెళ్ళవేమమ్మా?"

"ఎలా వెళ్ళను, నా కాలు చూడు" అంది చిలుక. కాలికి నిప్పుగొలుసు. "నేను మధుమాలికనే రాజకుమారిని. మాంత్రికుడి ప్రాణం ఈ గొలుసులో ఉంది. ఈ చెట్టు కొయ్యలో పట్టిన నీళ్ళు పడితేనే ఇది ఆరుతుంది."

"అయితే గిన్నె ముందు నీకు, తర్వాత మా అమ్మకి."

గూడు లేని కొమ్మ కొట్టాడు. మొదటి గిన్నె చెక్కి ఎండలో పెడితే ఫెళ్ళున పగిలింది. వడ్రంగిపిట్ట వచ్చి వాలింది. "పచ్చికొయ్యని ఎండలో పెడతారా అబ్బాయీ? నీడన ఆరనియ్యి. చెప్పి కొట్టావు గనుక చెబుతున్నాను."

రెండోది నీడనే ఆరింది. నాజూగ్గా ఉండాలని గీకి గీకి అడుగు చిల్లు పెట్టాడు.

"మీ అమ్మకి కావలసింది నీళ్ళా, నీ నాజూకా? గోటితో కొట్టి విను. చప్పుడు పల్చబడితే ఆపెయ్యి" అంది పిట్ట.

చేతులు బొబ్బలెక్కాయి. అయినా దేవుణ్ణి తలుచుకుని మూడోసారి కూర్చున్నాడు. చెక్కాడు, కొట్టాడు, విన్నాడు. మళ్ళీ చెక్కాడు. గిన్నె వంకరగా వచ్చింది గాని పగల్లేదు, చిల్లు పడలేదు.

అది ఆరేసరికి మాంత్రికుడు దిగాడు. "ఇదట్రా నీ గిన్నె? కుక్కకి గంజి పోసే చిప్పలా ఉందే."

"అవునండీ, కారుతుందేమోనని నాకూ బెంగగానే ఉంది. మీ ఎదుటే నీళ్ళు పట్టి చూడనా?"

"చూడు చూడు, నవ్వుకుంటాను."

వసంతపాలుడు చెట్టు పక్కనున్న మడుగులో గిన్నె ముంచి ఎత్తాడు. నీళ్ళు నీలంగా మెరిశాయి. ఒక్క చుక్క కారలేదు. నింపాదిగా నడిచి వెళ్ళి చిలుక కాలి మీద పోశాడు. గొలుసు సుయ్యిమంది. మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు. చిలుక ఉన్నచోట మధుమాలిక నిలబడింది.

ఇద్దరూ తాబేలు మీద మరకతపురి చేరి, జరిగింది చెప్పేసరికి మంత్రి బంగారు గిన్నెతో సిద్ధంగా ఉన్నాడు. "శాపం పోయిందమ్మా, ఇక దీంట్లోనే తాగవచ్చు."

రాణి కొడుకు అరచేతులు తిప్పి చూసింది. బంగారు గిన్నె పక్కకి జరిపింది. వంకర గిన్నెని రెండు చేతులా పట్టుకుని కడదాకా తాగింది. తాగి, గిన్నె చాపి, "మళ్ళీ పొయ్యి నాయనా" అంది.

వసంతపాలుడికీ మధుమాలికకీ పెళ్ళయింది. చల్లగా చాలాకాలం ఏలారు. దాహమని గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ఆ గిన్నెతో నీళ్ళిచ్చాకే వాళ్ళు అన్నం ముట్టేవారట. ఇక మీరూ తలా గుక్కెడు మంచినీళ్ళు తాగి, దేవుడికి దణ్ణం పెట్టుకుని పడుకోండి.