గవరమ్మ నిలబెట్టిన జోలపాట

కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియని కాలంలో, కొండ కింద ఒక ఊరుండేదట. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ. క్యాసెట్లలో పాటలు కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న కొట్టు ఆమెది. నలుగురిలో నోరు విప్పేది కాదు.

ఒకనాడు సన్యాసి తాత అరిగిపోయిన క్యాసెట్ పట్టుకొచ్చాడు.

"చచ్చిపోయిన నా పెళ్ళాం పైడమ్మ పాటలమ్మా. మూడే ఉన్నాయి. ఆ గరగరలో దాని మాట వినపడట్లేదు. కాస్త బాగుచెయ్యి."

గవరమ్మ మూడూ ఎక్కించింది. ఎక్కించడమూ, టేపు తెగడమూ ఒకేసారి అయ్యాయి. ఇక పైడమ్మ గొంతు ఆ పాత కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేదు. ఇంకో నకలు ఉంచుకోవడానికి ఆమెకి వేరే చోటు లేదు.

నాట్ల పాట గరగర తీసి దాచింది. కరెంటు పోయింది. వచ్చాక చూస్తే పేరుంది, పాట లేదు.

పెళ్ళి పాట గరగర తీసి దాచింది. కరెంటు పోయింది. వచ్చాక చూస్తే పేరుంది, పాట లేదు.

మూడోది జోలపాట. దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

"తాతా, రెండు పోయాయి," అంది తల వంచుకుని.

"బతికున్నప్పుడూ అంతేనమ్మా. పిలిస్తే పలికేది కాదు," అని తాత నవ్వబోయి ఏడ్చేశాడు.

ఆ కంప్యూటర్ని నడిపే రాత, అదే ప్రోగ్రాము, ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. గవరమ్మ వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, తప్పులు చేసి, తిట్లు తిని దాన్ని చదవడం నేర్చుకుంది. తప్పు ఎక్కడుందో మాత్రం దొరకలేదు.

ఒకరోజు తాత కూతురు కొట్టు ముందు చంటిదాన్ని తాతకి అందిస్తోంది.

"పట్టుకున్నావా అయ్యా?"

"పట్టుకున్నానే, వదులు."

అప్పుడు గానీ కూతురు చేతులు వదల్లేదు. అది చూసి గవరమ్మ దిగ్గున లేచింది. కొత్త పాట లోపల కుదురుకోకముందే కంప్యూటర్ పాతదాన్ని వదిలేస్తోంది! ఆ మధ్యలో కరెంటు పోతే రెండూ ఉండవు.

కొత్తది చేరేదాకా పాతదాన్ని వదలొద్దని రెండు వరుసలు రాసింది. ఆ రాతను కాచుకునేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళకి పంపింది.

"పని నెమ్మదిస్తోందమ్మా," అన్నారు. దిద్ది పంపింది.

"ఇంకోచోట కూడా ఇదే తప్పుంది, చూడమ్మా," అన్నారు. దిద్ది పంపింది.

"మావీ ఇలాగే పోతున్నాయి తల్లీ. చల్లగా ఉండు," అని ఆ వరుసల్ని రాతలో కలుపుకున్నారు.

అప్పుడు తాతను పక్కన కూర్చోబెట్టుకుని జోలపాట గరగర తీసి దాచబోయింది. కరెంటు పోయింది. తాత గవరమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వచ్చాక చూస్తే పేరుంది, పాత పాటా ఉంది. మళ్ళీ గరగర తీసింది. ఈసారి కరెంటు ఉంది.

తాత చెవి ఒగ్గి విన్నాడు.

"ఓలమ్మా! జోల పాడుతూ నన్నే తిడుతోంది! 'మీ అయ్య సంతకెళ్ళి ఇంకా రాలేదు' అంటోంది, విన్నావా?"

గవరమ్మ పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. ఆ రెండు వరుసలు ఎన్ని ఊళ్ళ కంప్యూటర్లలో ఉన్నాయో అదీ తెలియదు. ఆ పక్క జనం మాత్రం పని మధ్యలో కరెంటు పోతే ఇప్పటికీ గుండెలు బాదుకోరు. "గవరమ్మ ఉందిలే," అంటారు. వెలుగొచ్చి, దాచుకున్నది కనపడగానే తెరను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంటారు.