తెల్ల ఉడుతకు వేసిన రంగు

పరదేశయ్యగారిని ఏదడిగినా వెంటనే జవాబు చెప్పరు. "బండి పోనీ నాయనా" అంటారు. బండి వస్తుంది, పోతుంది, ఆయన లేచి ఇంటికి వెళ్ళిపోతారు. అడిగినవాడు వెర్రిమొహం వేసుకుని అక్కడే కూర్చుంటాడు. రేగుమెట్ట స్టేషన్లో ముప్ఫై నాలుగేళ్ళు కీమ్యానుగా చేశారాయన. సుత్తి భుజాన వేసుకుని రోజూ ఆరు కిలోమీటర్ల పట్టా వెంట నడవడం, ఎక్కడ వదులైతే అక్కడ బిగించుకుంటూ పోవడం, అంతే ఆ ఉద్యోగం. రిటైరయ్యాక అచల తత్వం చెప్పే గురువని పేరొచ్చింది గానీ, ఆయన పట్టుమని పది వాక్యాలు బోధించగా విన్నవాడు ఊళ్ళో లేడు. సాయంత్రం అయిదు కొట్టేసరికి ప్లాట్‌ఫారం చివర గానుగచెట్టు కింద బెంచీ మీద ఉంటారు. చుట్టూ నలుగురైదుగురు శిష్యులు చేరతారు. అయిదూ ఇరవైకి పాసింజరు వస్తుంది. దాన్ని చూస్తారు. ఎక్కేది లేదు, దిగే చుట్టమూ లేడు, ఉత్తినే చూస్తారు. "రోజూ అదే రైలు గదయ్యా, దానికేమన్నా కొత్తగా కొమ్ములొస్తాయా" అని ఆడవాళ్ళు ఇళ్ళల్లో సణుగుతూనే ఉంటారు, వీళ్ళు పోతూనే ఉంటారు.

ఆ శిష్యుల్లో బ్రహ్మలింగం ఒకడు. బోర్డులు రాసే ఆర్టిస్టు. ఊళ్ళో షాపుల పేర్లూ, లారీల వెనక నెమళ్ళూ, స్టేషన్లో పసుపు బోర్డు మీద మూడు భాషల్లో రేగుమెట్టా, అన్నీ అతని చేతివే. ఫ్లెక్సీలొచ్చి పని సగం పడిపోయింది గానీ చెయ్యి మాత్రం పడిపోలేదు. శ్రావణమాసంలో ఒక గురువారం సాయంత్రం అతను బెంచీ చివర కూర్చుని, చాలాసేపు గోళ్ళలో రంగు గిల్లుకుని, ఎట్టకేలకు నోరు విప్పాడు.

"గురువుగారూ, నా బిడ్డ నన్ను నాన్నా అని పిలిచి రెండు నెలలైంది. నేను చేసిన తప్పేంటో చెప్పండి."

ఆ బిడ్డ సంగతి బెంచీ మీద అందరికీ తెలిసిందే. పుట్టకముందే దానికి నాయనమ్మ పేరు నీలవేణి అని అనుకున్నారు. తీరా పుట్టాక చూస్తే ఒళ్ళంతా తెలుపు. జుట్టు మొక్కజొన్న పీచు. కనురెప్పల వెంట్రుకలు సైతం తెల్లవే. ఎండలో కళ్ళు తెరవలేదు, పుస్తకం ముక్కుకు ఆనించుకుంటే గానీ అక్షరం కనబడదు. "ఇది జబ్బు కాదయ్యా, కొందరు పుట్టడమే ఇలా పుడతారు" అన్నాడు డాక్టరు. ఊరు మాత్రం దొరసాని అంది. పిల్ల ఆ పేరుకీ పలికేది, ఈ పేరుకీ పలికేది. దానికి ఏ బెంగా ఉండేది కాదు. పొద్దు వాలాక తండ్రి చెయ్యి పట్టుకుని స్టేషనుకొచ్చేది. రైలు కనబడకపోతేనేం, పట్టాల మోత విని చెప్పేసేది. "గూడ్సు కాదు తాతా, పాసింజరే." పరదేశయ్యగారు మురిసిపోయేవారు. "ఈ చెవి రావడానికి నాకు పదేళ్ళు పట్టింది. దీనికి ఆర్నెల్లు పట్టలేదు చూడండి!"

ఎండాకాలంలో ఒకరోజు, క్రాసింగు కోసం ఏదో స్పెషలు బండి రేగుమెట్టలో ఆగింది. కిటికీల్లో కాలేజీ కుర్రాళ్ళు. ఒకడు ఫోను బయటికి చాపి, "ఒరేయ్, తెల్ల ఎలుకరా!" అని అరిచాడు. తనని ఎవరో పలకరిస్తున్నారనుకుంది పిల్ల. రెండు చేతులూ ఎత్తి ఊపింది. పెట్టె పెట్టంతా గొల్లుమంది. వాళ్ళు నవ్వారని అదీ నవ్వింది. బ్రహ్మలింగానికి మాత్రం అక్కడికక్కడే తల తీసేసినట్టయింది. దాన్ని రెక్క పట్టుకుని బరబరా ఇంటికి లాక్కుపోయాడు. మర్నాడే జుట్టు రంగు పాకెట్లు డజను తెచ్చాడు.

ప్రతి ఆదివారం పెరట్లో కూర్చోబెట్టి జుట్టుకు నలుపు, సన్న బ్రష్షుతో కనుబొమలకు నలుపు. పనిమంతుడి చెయ్యి కదా, ఒక్క వెంట్రుక తప్పిపోయేది కాదు. ఆ మందు పడక మాడు మీద పొక్కులొచ్చాయి. భార్య కనకరత్నం ఏడ్చింది, బతిమాలింది, చివరికి తిట్టింది. "నీకు తెలీదు, ఊరుకో. లోకం కాకులగుంపే. తెల్లగా కనబడితే పొడిచి చంపుతుంది" అనేవాడు. మూడో ఆదివారం పిల్ల వద్దని పరుగెత్తింది. పట్టుకుని, తల మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి మరీ వేశాడు. ఆ రోజుతో దాని నోట నాన్నా అన్న మాట పోయింది. అన్నం పెడితే తింటుంది, రమ్మంటే వస్తుంది, తల వంచమంటే వంచుతుంది. పిలవదు, అంతే. స్టేషనుకు తీసుకురావడం అతనే మానేశాడు.

ఇదంతా విని పరదేశయ్యగారు "బండి పోనీ నాయనా" అన్నారు. బండి పోయింది. ఆయన చూపు ప్లాట్‌ఫారం చివర పాత లాంపు రూము మీద ఉంది. ఒకప్పుడు సిగ్నలు దీపాలు పెట్టుకునే గది అది, ఇప్పుడు తాళం వేసి ఉంటుంది. దాని చూరులో ఉడుత గూడు కట్టింది. మూడు పిల్లలు మామూలుగా బూడిదరంగులో ఉన్నాయి. వాటి వెనక నాలుగోది తడబడుతూ బయటికొచ్చింది, సున్నపుముద్దలాగా తెల్లగా.

"వార్నీ! రాములవారు దీన్ని నిమరడం మరిచిపోయినట్టున్నారే" అన్నాడు శిష్యుల్లో ఇంకొకడు, సాంబిరెడ్డి. అందరూ నవ్వారు. బ్రహ్మలింగం నవ్వలేదు. దాన్ని ఏ కాకో డేగో పొడుచుకుపోతుందని ఆ రాత్రంతా అతనికి అదే భయం.

శనివారం సాయంత్రం అతను భయపడ్డదే జరిగింది. ఎక్కణ్ణించొచ్చిందో ఒక డేగ, పక్కనున్న మూడింటినీ వదిలేసి సూటిగా ఆ తెల్లదాని మీదికే దిగింది. గురి తప్పింది. ఉడుతపిల్ల చూరు మీంచి జారి గడ్డిలో పడింది. బ్రహ్మలింగం ఒక్క ఉరుకున పోయి దోసిట్లోకి తీసుకున్నాడు. వేలెడంత ప్రాణి, గుండె దడదడలాడిపోతోంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇది ఇలాగే ఉంటే రేపటికి బతకదు గురువుగారూ. ఆకాశంలోంచి కూడా కనబడుతోంది."

"కనబడుతోంది" అన్నారు పరదేశయ్యగారు.

"రంగేస్తే?"

ఆయన వద్దనలేదు, సరేననీ అనలేదు. బ్రహ్మలింగం సైకిలు మీద ఇంటికి పోయి పెట్టె తెచ్చాడు. ఆయిలు పెయింటు జోలికి పోలేదు, పాపం, అంత తెలివి ఉంది. జేగురుమట్టీ, దీపపు మసీ కలిపి, తుమ్మజిగురుతో పలచగా నూరాడు. మెత్తటి బ్రష్షుతో ఒక్కొక్క బొచ్చు పాయా తడిపాడు. వీపు మీద చారలు గీయాల్సిన పని కూడా లేకపోయింది. మూడుచోట్ల రంగు వెయ్యకుండా వదిలేస్తే చాలు, చారలు వాటంతటవే తేలాయి. అరగంటలో అచ్చం మిగతా మూడింటిలాంటి ఉడుతపిల్ల తయారైంది. బెంచీ బెంచీ అంతా లేచి చప్పట్లు కొట్టింది. "బ్రహ్మ పొరపాటు మన బ్రహ్మలింగం దిద్దాడు!" అన్నాడు సాంబిరెడ్డి. రెండు నెలల్లో మొదటిసారి బ్రహ్మలింగం మొహం తేటపడింది. పిల్లని చూరు కింద గట్టు మీద, తల్లికి అందేచోట పెట్టి, వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ ఇంటికి పోయాడు.

ఆదివారం నాలుగింటికే వచ్చాడు. గట్టు మీద పిల్ల పెట్టినచోటే ఉంది. తల్లి ఉడుత గోడ మీద పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. టీ అమ్మే మీరావలి చెప్పాడు. "పొద్దున్నించీ ఇదే వరస బ్రహ్మంగారూ. దగ్గరికొస్తది, వాసన చూస్తది, తోక ఎగరేసుకుని దూరంగా పోతది. గూట్లోకి పోయి చూసుకుంటది. మళ్ళీ కిందికొచ్చి గడ్డంతా వెతుకుతది. దాని ఏడుపు వినలేకుండా ఉన్నాం."

తల్లి అప్పుడే మళ్ళీ దిగింది. పిల్ల మూతి పైకెత్తి సన్నగా కీచుమంది. తల్లి ఆగింది, మూతి దగ్గరపెట్టి వాసన చూసింది, వెనక్కి గెంతింది. గెంతి, రెండు గజాల దూరాన నిలబడి, పిల్ల కోసం అరవడం మొదలుపెట్టింది.

"ఇక్కడే ఉంది గదమ్మా! ఇదిగో, నీ కళ్ళ ముందే ఉంది గదా నీ పిల్ల!" అని బ్రహ్మలింగం గట్టిగా అరిచేశాడు.

"అది నువ్వు పెట్టిన పిల్ల నాయనా. దాని పిల్ల కోసం అది వెతుక్కుంటోంది" అన్నారు వెనకనుంచి పరదేశయ్యగారు.

బ్రహ్మలింగం ఉడుతపిల్లని తీసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. వేళ్ళతో, పంచె కొంగుతో కడిగాడు. జేగురు కారింది. జిగురు మాత్రం బొచ్చులో బిగుసుకుపోయి వదల్లేదు. నిన్నటినుంచీ పాల చుక్క లేని ప్రాణి, ఆ చన్నీళ్ళకు వణికింది. వణికి వణికి, సగం తెలుపూ సగం మట్టిరంగుగా అతని అరచేతిలోనే ఆగిపోయింది. పాసింజరు వచ్చింది, పోయింది. ఆ పూట బెంచీ మీద ఒక్కడూ తల తిప్పి బండివంక చూడలేదు.

"మీకు తెలుసు. తెలిసీ నన్నెందుకు ఆపలేదు?" అన్నాడు బ్రహ్మలింగం.

"తెలీదు నాయనా. బతుకుతుందేమోనని నేనూ ఆశపడ్డా" అన్నారాయన. ఆ మాట నిజమే. ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ఇంటికి పోయేదారిలో బ్రహ్మలింగం ఒకటే అనుకున్నాడు. పోగానే ఆ పాకెట్లన్నీ మురిక్కాలవలో పారేస్తాను. పిల్ల కాళ్ళు పట్టుకునైనా సరే తప్పు ఒప్పుకుంటాను. వాకిట్లోంచే దొడ్లోకి నడిచాడు. అక్కడ ముక్కాలిపీట వేసి ఉంది. దాని మీద నీలవేణి కూర్చుని ఉంది, భుజాల చుట్టూ పాత తువ్వాలు కప్పుకుని. పక్కన గిన్నెలో రంగు కలిపి ఉంది. తనే కలుపుకుంది.

"నాన్నా, వచ్చావా" అంది.

రెండు నెలలుగా ఆ పిలుపు కోసం అతను మొహం వాచిపోయాడు. ఇప్పుడది వినబడినా చూపు మాత్రం ఆ రంగుగిన్నె మీదే నిలిచిపోయింది.

"జుట్టు కుదుళ్ళ దగ్గర తెల్లగా వచ్చేసింది నాన్నా. బళ్ళో అందరూ అదే చూస్తున్నారు. ఈసారి దట్టంగా వెయ్యి నాన్నా. నేను కదల్ను."

"వద్దు తల్లీ. ఇంక రంగొద్దు. నీ జుట్టు నీకు బాగుంటుంది" అన్నాడు.

పిల్ల తల తిప్పి తండ్రి మొహం వైపు చూసింది. దానికి ఆ దూరాన మొహం కనబడదు.

"అబద్ధం. బాగుంటే నువ్వెందుకు వేశావ్?"

అతనెన్ని చెప్పినా వినలేదు. బడికి పోనంది. గదిలోంచి బయటికే రానంది. వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. "నాన్నా, నీకు దణ్ణం పెడతా" అని ఆ బొద్దు చేతులు రెండూ జోడించింది. కనకరత్నం వంటింటి గుమ్మంలో నిలబడి మొగుడివంక ఒక్కసారి చూసి లోపలికి పోయింది. తిట్టి ఉన్నా బాగుండేది. ఆఖరికి బ్రహ్మలింగం పీట పక్కన కూలబడి బ్రష్షు తీసుకున్నాడు. పొక్కుల మీద తగలకుండా, పాయ పాయా విడదీసి, తన చేత్తోనే వేశాడు. అదెక్కడా కదల్లేదు.

సోమవారం సాయంత్రం బెంచీ దగ్గరికొచ్చి అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ పెద్దాయన కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుండిపోయాడు. "పిలిచింది గురువుగారూ. నాన్నా నాన్నా అని నాలుగుసార్లు పిలిచింది. ఆ రైలుకి చేతులూపిన పిల్ల మాత్రం ఆ ఇంట్లో లేదు. నేనిప్పుడేం చెయ్యాలి?"

ఆ పూట పరదేశయ్యగారు బండి పోయేదాకా ఆగలేదు.

"వెతుక్కోవాలి నాయనా" అన్నారు. "దొరుకుతుందని మాత్రం నేను చెప్పలేను."