కళ్లంలో ఎవరూ తొక్కని చోటు

"తిరుగుదామా అక్కా, తిరుగుదామా చెల్లీ,
నీదొక కొస, నాదొక కొస, నడుమన…"

నడుమన ఏముందో ముసలి మేక చుక్కమ్మకు ఎంతకీ గుర్తు రాలేదు. పిల్లప్పుడు చెల్లెల్నీ తననూ ఒకే తాడుకు కట్టేస్తే, గిరగిరా తిరుగుతూ పాడుకున్న పాట అది. ఇప్పుడు పాటకన్నా పాలే కరువు. లేక లేక పుట్టిన పిల్లలిద్దరూ వట్టి పొదుగు చీకి ఏడుస్తున్నారు. పాకలో కుడితి తొట్టి ఒక్కటే. దున్నపోతు గుండప్ప అందులో మూతి పెట్టాడంటే అడుగు కనబడేదాకా తీయడు. ఆ అడుగున మెతుకులు నక్కవి, పొగిడినందుకు కూలి.

"సూర్యుడు నడుమ కదలకుండా ఉంటాడు. గ్రహాలే చుట్టూ తిరుగుతాయి," అంది నక్క, తొట్టి దగ్గరికి వచ్చిన చుక్కమ్మతో. "ఈ పాకకు సూర్యుడు మా గుండప్ప దొర. ఆయన తాగేదాకా తిరిగేవాళ్లు ఆగాలి మరి."

"సూర్యుడు కదలడని నీకెవరు చెప్పారు?" అంది చుక్కమ్మ. "గ్రహం ఆయన్నీ లాగుతుందట. ఇద్దరూ కలిసి నడుమనున్న ఒక చోటు చుట్టూ తిరుగుతారట. బరువు ఎక్కువ గనక ఆయనది చిన్న సున్నా, గ్రహానిది పెద్ద సున్నా."

"బడి పుస్తకం గానీ తిన్నావా అత్తా?" అన్నాడు గుండప్ప.

"పై అట్ట మాత్రమే తిన్నాను. లోపలిది పంతులుగారు చెబుతుంటే గోడ పక్కన విన్నాను."

"నువ్వు నన్ను లాగుతావా? నా తోకంత బరువుండవు."

"తాడు కట్టి చూద్దాం. నువ్వు కదలకపోతే నేనూ నా పిల్లలూ ఇక తొట్టి వైపే రాము. కదిలితే మొదటి వంతు మాది."

పిల్లలిద్దరూ ఏడుపు ఆపి తల్లి ముఖం చూశారు.

పక్కనే కళ్లం. పొద్దునే బంకమట్టి, పేడ కలిపి అలికారు, ఇంకా తడి ఆరలేదు. తాడు ఒక కొస గుండప్ప కొమ్ములకు, ఇంకో కొస చుక్కమ్మ నడుముకు బిగించింది నక్క.

చుక్కమ్మ గుండప్ప చుట్టూ పరుగెత్తింది. రెండో చుట్టుకే ఆయాసం వచ్చింది, తాడు వదులైంది. "అమ్మా" అన్నాడు చిన్నోడు. అంతే, ఒళ్లంతా బయటికి వాల్చి మళ్లీ లాగింది. గుండప్ప తల అటు తిరిగింది. నిలదొక్కుకోవాలని వెనక్కి వాలాడు. తడి మట్టిలో డెక్కలు జారాయి, జారుతూనే ఉన్నాయి.

"నేను కదల్లేదు," అన్నాడు గుండప్ప.

"వెంట్రుకవాసి కూడా కదల్లేదు దొరా," అంది నక్క.

చుక్కమ్మ ఆగి రొప్పింది. "ఇందాకట్నుంచీ నన్నే చూశారు. ఇప్పుడు కింద చూడండి."

కళ్లం నిండా మేక డెక్కల పెద్ద సున్నా. దాని లోపల దున్నపోతు డెక్కలు గీసిన చిన్న సున్నా. రెండింటికీ నడుమ ఒక్కటే. అక్కడ చేటంత మేర అలుకు చెక్కుచెదరలేదు.

"అవి ఎప్పటివో పాత గుర్తులు," అంది నక్క.

"పొద్దున అలికిన కళ్లం మీద పాత గుర్తులేంటే?" అన్నాడు గుండప్ప.

నక్క మెల్లగా తొట్టి వైపు జారుకుంది. అప్పటికే అందులో రెండు చిన్న మూతులు మునిగి ఉన్నాయి, తోకలు టపటపా ఆడుతున్నాయి. మెతుకులు కూడా మిగిలేలా లేవు.

చుక్కమ్మకు పాట గుర్తొచ్చింది. "…నడుమన ఎవరూ లేరు." పైకే పాడింది, ముసలి గొంతు పాకంతా మోగేలా.

గుండప్ప తన డెక్కల సున్నా చుట్టూ నెమ్మదిగా ఒకసారి నడిచి వచ్చాడు.

"రేపట్నుంచీ ముందు మీరే తాగండి అత్తా. తాడుకు అటు కొసన ఎంత చిన్నవాళ్లున్నా, ఇటు కొసన ఉన్న పెద్దోడూ కదలాల్సిందే."